సంస్థ పేరు కబ్జా కాకుండా: డొమైన్ పట్టా నుంచి పంచాయితీ దాకా

అడ్మిషన్ల హడావిడి నడుస్తున్న ఒక జూన్ ఉదయం నర్సంపేట వైపు నుంచి ఒక రైతు హనుమకొండలోని మా విద్యాసంస్థ ఆఫీసుకు వచ్చారు. "ఫీజు కట్టిన గద సార్, మళ్ల కట్టుమని మెసేజ్ వచ్చింది, ఏంది?" అంటూ ఫోన్ నా చేతికిచ్చారు. యూపీఐ రసీదు ఉంది. 12,500 రూపాయలు. ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి అమ్మి కొడుకు చదువుకని పక్కన పెట్టిన డబ్బు. ఆయన ఫీజు కట్టిన వెబ్‌సైట్ తెరిచి చూశాను. మా లోగో ఉంది, మా ప్రిన్సిపల్ ఫొటో ఉంది, కొత్తగా కట్టిన ల్యాబ్ ఫొటో కూడా ఉంది. పైన సైట్ పేరు ఒక్కో అక్షరమే చదువుకుంటూ పోతే ఒకచోట వేలు ఆగింది. 'టి' తర్వాత 'హెచ్' ఉంది. మా అసలు సైట్‌లో ఆ హెచ్ లేదు.

బయటికి వచ్చి గేటు మీద బోర్డు చూశాను. బోర్డు మీద హెచ్ ఉంది.

ఆయన తప్పు ఏమీ లేదు. మా బోర్డు చూసే టైపు చేశారు. మా పేరుకు మేమే రెండు స్పెల్లింగులు పెట్టుకుని, ఒకటి కొని, రెండోది ఖాళీగా వదిలేశాం. ఆ ఖాళీ జాగాలో ఎవడో గుడిసె వేశాడు. ఆ డబ్బు తిరిగి రాలేదు, మేనేజ్‌మెంట్ ఆ విడత ఫీజు మాఫీ చేసింది. అప్పటి నుంచి ఈ పని నా బాధ్యత అయింది. స్కూళ్లు, కాలేజీలు, ఆసుపత్రులు, సొసైటీలు, ట్రస్టులు నడిపేవాళ్లకు ఉపయోగపడుతుందని, నేను నేర్చుకున్నది వరుసగా రాస్తున్నాను. భూమి సంగతి తెలిసినవాళ్లకు ఇది కష్టమేమీ కాదు. పట్టా, హద్దులు, కబ్జా, పంచాయితీ, అన్నీ ఇక్కడా ఉన్నాయి.

మొదటి పని: పట్టా ఎవరి పేరున ఉందో చూడండి

ఇది ఈరోజే చేయాల్సిన పని, పది నిమిషాలు చాలు. వెబ్‌సైట్ పేరునే డొమైన్ అంటారు. అది డాట్ కామ్, డాట్ ఆర్గ్ లాంటిదైతే, ప్రపంచమంతటి డొమైన్ పేర్ల నియమాలు చూసే ఐకాన్ సంస్థ వెబ్‌సైట్‌లో ఆ పేరు వివరాలు వెతికే లుకప్ పేజీ ఉంటుంది. డాట్ ఇన్ అయితే దాన్ని నడిపే నిక్సీ వాళ్ల రిజిస్ట్రీలో వెతకాలి. మీ డొమైన్ పేరు కొడితే రిజిస్ట్రార్ (ఆ పేరు అమ్మిన కంపెనీ) ఎవరు, ఎప్పుడు కొన్నారు, గడువు ఎప్పుడు ముగుస్తుంది అనేవి కనిపిస్తాయి. యజమాని వివరాలు చాలాసార్లు దాచి ఉంటాయి. అప్పుడు రిజిస్ట్రార్ ఖాతాలోకి లాగిన్ అయి చూడాలి. లాగిన్ ఎవరి దగ్గర ఉందో ఆఫీసులో ఎవరికీ తెలియకపోతే, సమస్య ఏమిటో మీకు అక్కడే తెలిసిపోతుంది.

మన దగ్గర ఎక్కువగా జరిగేది ఇదే. వెబ్‌సైట్ చేసిన కుర్రవాడు తన సొంత జీమెయిల్‌తో, తన పేరు మీద డొమైన్ కొంటాడు. అతనికి దురుద్దేశం ఉండదు, అప్పటికి అది సులువు, అంతే. నాలుగేళ్లకు అతను ఉద్యోగం వచ్చి బెంగళూరు పోతాడు, ఫోన్ నంబరు మారుతుంది. పేరు మాత్రం అతని ఖాతాలోనే ఉంటుంది. అలాంటి వాళ్లతో తగాదా పెట్టుకోకండి. మర్యాదగా ఫోన్ చేసి, బాకీ ఏమైనా ఉంటే తీర్చి, సంస్థ పేరున తెరిచిన ఖాతాకు మార్చమని అడగండి. ఒకే రిజిస్ట్రార్ అయితే ఖాతా నుంచి ఖాతాకు మార్పించుకోవచ్చు. వేరే రిజిస్ట్రార్ అయితే ఆథ్ కోడ్ (బదిలీకి కావాల్సిన రహస్య సంకేతం) అడిగి తీసుకోవాలి.

ఖాతా తెరిచేటప్పుడు యజమాని గడిలో సొసైటీ లేదా ట్రస్టు రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ మీద ఉన్న పూర్తి పేరు రాయండి, కరస్పాండెంట్ గారి పేరు కాదు. ఖాతాకు ఇచ్చే ఈమెయిల్ అదే డొమైన్ మీద ఉన్నది కాకూడదు. డొమైన్ ఆగిపోతే ఆ మెయిల్ కూడా ఆగిపోతుంది, గడువు హెచ్చరిక మీకు చేరదు. విడిగా ఒక మెయిల్ తెరిచి, ఇద్దరు బాధ్యులకు అందుబాటులో ఉంచండి. రెండంచెల లాగిన్ పెట్టండి. పేరు వేరే చోటికి బదిలీ కాకుండా ఆపే ట్రాన్స్‌ఫర్ లాక్ వేసి ఉందో లేదో చూడండి. లుకప్‌లో 'క్లయింట్ ట్రాన్స్‌ఫర్ ప్రొహిబిటెడ్' అని కనిపిస్తే తాళం పడినట్టు.

రెండో పని: గడువు తేదీని ఫీజు రిజిస్టర్‌లో రాయండి

డాట్ కామ్ లాంటి డొమైన్‌ను ఒకేసారి గరిష్ఠంగా 10 ఏళ్లకు కొనుక్కోవచ్చు. గడువు దాటిన వెంటనే పేరు పోదు. రిజిస్ట్రార్‌ను బట్టి 45 రోజుల దాకా మామూలు రేటుకే రెన్యువల్ చేసుకునే వీలు ఉండొచ్చు, కానీ దాని మీద ఆధారపడకండి. రిజిస్ట్రార్ దాన్ని తొలగించాక 30 రోజుల రిడెంప్షన్ దశ వస్తుంది. అప్పుడు తెచ్చుకోవచ్చు గానీ జరిమానా గట్టిగా పడుతుంది. తర్వాత 5 రోజులు ఎవరూ ముట్టుకోలేని దశ. ఆ ఐదో రోజు దాటితే ముందు ఎవరు కొంటే వాళ్లదే. పాత కాలేజీ పేర్ల కోసం సాఫ్ట్‌వేర్‌తో కాపు కాసేవాళ్లు ఉంటారు. ఆ సైట్‌కు ఇప్పటికే జనం వస్తుంటారు కాబట్టి జూదం సైట్లు పెట్టుకోవడానికి వాళ్లకు అది బాగా పనికొస్తుంది.

గడువుకు సుమారు నెల ముందు ఒకసారి, వారం ముందు ఒకసారి రిజిస్ట్రార్ గుర్తు చేయాలని ఐకాన్ నియమం. అది మెయిల్‌కే వస్తుంది. మేం మాత్రం మెయిల్‌ను నమ్ముకోకుండా బిల్డింగ్ టాక్స్, ఫైర్ ఎన్‌ఓసీ, అఫిలియేషన్ ఫీజు తేదీలు రాసే రిజిస్టర్ పేజీలోనే డొమైన్ గడువు కూడా రాశాం. అకౌంటెంట్ ఆ పేజీ ప్రతి నెలా చూస్తారు.

మూడో పని: ఒక స్పెల్లింగు ఖాయం చేసి, హద్దురాళ్లు పాతండి

తెలుగు పేర్లకు ఈ ప్రమాదం ఎక్కువ. ఎందుకో ఒక లెక్క చూడండి. మీ సంస్థ పేరు 'శ్రీ సరస్వతి' అనుకుందాం. ఇంగ్లిష్‌లో రాయాలంటే 'స్వ'లో వీ పెట్టాలా, డబ్ల్యూ పెట్టాలా? రెండు దార్లు. 'త'కు ఉత్త టి చాలా, హెచ్ కలపాలా? మళ్లీ రెండు. చివర ఐ నా, వై నా? ఇంకో రెండు. ఒక్క 'సరస్వతి'కే ఎనిమిది స్పెల్లింగులు వచ్చాయి. 'శ్రీ'ని ఐ తో, రెండు ఈ లతో, ఎస్ తో, ఎస్‌హెచ్ తో కలిపి నాలుగు రకాలుగా రాస్తారు. ఎనిమిది నాలుగులు 32. డాట్ కామ్, డాట్ ఇన్, డాట్ ఆర్గ్ మూడింటికీ చూస్తే 96. మధ్యలో గీత పెట్టడం, చివర ఊరి పేరు కలపడం ఇంకా లెక్కలోకి రాలేదు. ఊరి పేరూ తక్కువదేమీ కాదు, హనమకొండ అని రాసేవాళ్లున్నారు, హనుమకొండ అని రాసేవాళ్లున్నారు.

96 కొనడం ఎవరివల్లా కాదు, అవసరం కూడా లేదు. మేం ఏం చేశామంటే, రిసెప్షన్ దగ్గరికి వచ్చిన తల్లిదండ్రులకు చిన్న చీటీ ఇచ్చి "మా సంస్థ పేరు ఇంగ్లిష్‌లో రాయండి" అన్నాం. సగానికి పైగా చీటీల్లో హెచ్ ఉంది. మన ఊళ్లలో 'త' అంటే టీహెచ్ అనే అలవాటు అంత గట్టిది. జనం చేయి ఎటు పోతుందో ఆ స్పెల్లింగులే కొనాలి, కంప్యూటర్ తయారుచేసే వింత తప్పులన్నీ కాదు. మాకు ఏడు పేర్లు సరిపోయాయి. డాట్ కామ్, డాట్ ఇన్ సాధారణంగా ఒక్కోటి ఏడాదికి వెయ్యి రూపాయలకు అటూ ఇటూ పడుతుంది. ఒక ఫ్లెక్సీ ఖర్చుతో పోల్చి చూడండి.

కొన్న అదనపు పేర్లను అసలు సైట్‌కు మళ్లించండి. వాటి నుంచి మెయిల్ ఏదీ వెళ్లదని ప్రకటించే ఎస్‌పీఎఫ్, డీమార్క్ రికార్డులు పెట్టమని మీ టెక్నికల్ మనిషికి చెప్పండి. లేకపోతే ఆ పేర్లతోనే దొంగ మెయిళ్లు పంపే వీలుంటుంది.

తర్వాత గేటు బోర్డు, రసీదు పుస్తకం, ఐడీ కార్డు, బస్సు మీది పేరు, ఫేస్‌బుక్ పేజీ, అన్నిటిలో ఒకే స్పెల్లింగు ఉండేలా చూడండి. ఒక్కరోజులో కాదు, మాకు ఏడాది పట్టింది.

పేరు మారిన సంస్థలు పాత డొమైన్‌ను వదలకూడదు. 2021 ఆగస్టులో వరంగల్ అర్బన్ జిల్లా హనుమకొండ అయింది, వరంగల్ రూరల్ జిల్లా వరంగల్ అయింది. జిల్లా పేరును తమ పేరులో పెట్టుకున్న సంఘాలు బోర్డులు మార్చుకోవాల్సిన పరిస్థితి. బోర్డు మార్చినా పాత డొమైన్‌ను ఏటా రెన్యువల్ చేస్తూనే ఉండాలి. పాత పాంప్లెట్లలో, గూగుల్‌లో, పూర్వ విద్యార్థుల మెయిల్ జాబితాల్లో ఆ పేరే ఉంటుంది.

ఒక చిన్న మాట. తెలుగు లిపిలో 'డాట్ భారత్' డొమైన్లు కూడా ఉన్నాయి. సరస్వతి అని తెలుగులో రాస్తే ఒకటే స్పెల్లింగు, 32 ఉండవు. టైపు చేసేవాళ్లు ఇంకా తక్కువ, కొన్ని పాత సాఫ్ట్‌వేర్లు ఆ చిరునామాలను ఒప్పుకోవు. అయినా మన పేరు మన లిపిలో వేరేవాళ్ల చేతికి పోవడం నాకు ఇష్టం లేక తీసుకోమనే చెప్పాను.

నాలుగో పని: వీలుంటే కాపలా ఉన్న వాడకు మారండి

డాట్ కామ్ ఎవరైనా కొనొచ్చు. కొన్ని డొమైన్లు అలా కాదు. డాట్ ఏసీ డాట్ ఇన్, డాట్ ఈడీయూ డాట్ ఇన్ కేంద్ర ప్రభుత్వ సంస్థ ఎర్నెట్ ఇండియా ద్వారానే వస్తాయి, విద్యాసంస్థ గుర్తింపు కాగితాలు చూశాకే ఇస్తారు. వరంగల్ నిట్ సైట్ 'ఎన్‌ఐటీడబ్ల్యూ డాట్ ఏసీ డాట్ ఇన్', కాకతీయ విశ్వవిద్యాలయానిది 'కాకతీయ డాట్ ఏసీ డాట్ ఇన్'. ఆ తోక ఉన్న పేరును దారినపోయేవాడు తీసుకోలేడు. గుర్తింపు ఉన్న విద్యాసంస్థలు తప్పక దీనికి దరఖాస్తు చేయాలని నా గట్టి అభిప్రాయం.

బ్యాంకుల విషయంలో రిజర్వ్ బ్యాంకు ఇదే దారి పట్టింది. 'డాట్ బ్యాంక్ డాట్ ఇన్' తెస్తున్నట్టు 2025 ఫిబ్రవరిలో ప్రకటించి, 2025 అక్టోబర్ 31 లోగా మారాలని బ్యాంకులకు చెప్పింది. రిజిస్ట్రేషన్ పని రిజర్వ్ బ్యాంకు స్థాపించిన, హైదరాబాద్‌లోని ఐడీఆర్‌బీటీ చూస్తుంది. సహకార బ్యాంకు పాలకవర్గాల్లో ఉన్నవాళ్లు ఇది గుర్తుపెట్టుకోండి.

ఐదో పని: ట్రేడ్‌మార్క్

పంచాయితీ వచ్చిన రోజు 'ఈ పేరు నాది' అని చూపించే కాగితం ఇది. ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేస్తే ఒక్కో క్లాసుకు (సరుకు లేదా సేవ రకానికి) 9,000 రూపాయలు. వ్యక్తులకు, స్టార్టప్‌లకు, చిన్న పరిశ్రమలకు 4,500. చదువు 41వ క్లాసు, ఆసుపత్రి సేవలు 44, బ్యాంకింగ్ 36. తెలంగాణ వాళ్లకు చెన్నై రిజిస్ట్రీ. ట్రేడ్‌మార్క్ జర్నల్‌లో వేశాక అభ్యంతరాలకు 4 నెలలు గడువు ఇస్తారు. రిజిస్టర్ అయ్యాక 10 ఏళ్లు చెల్లుతుంది, మళ్లీ మళ్లీ పొడిగించుకోవచ్చు.

అయితే పేరు ఎలాంటిదో ముందు చూసుకోవాలి. 'వరంగల్ పబ్లిక్ స్కూల్' లాంటిదైతే ఊరి పేరు, వర్ణన తప్ప మరేమీ లేదు. అలాంటివి రిజిస్టర్ కావడం కష్టం. 'కాకతీయ' అయితే మరీ. విశ్వవిద్యాలయం కాకతీయ, మెడికల్ కాలేజీ కాకతీయ, శ్రీరాంసాగర్ కాలువ కాకతీయ, చెరువుల పథకం మిషన్ కాకతీయ, చెల్పూరు కరెంటు కేంద్రం కాకతీయ, ఇక ఫంక్షన్ హాళ్లు, టిఫిన్ సెంటర్లు లెక్కలేనన్ని. ఆ మాట ఈ నేల అందరిదీ. మీ పేరులో మీకు మాత్రమే చెందిన ముక్క ఏదో దాన్ని, లోగోతో కలిపి, రిజిస్టర్ చేయించుకోండి.

ఆరో పని: నెలకోసారి గట్ల చుట్టూ తిరగండి

ప్రతి నెల మొదటి సోమవారం ఒక అరగంట. గూగుల్‌లో సంస్థ పేరును వేర్వేరు స్పెల్లింగులతో, 'ఫీజు', 'అడ్మిషన్' అన్న మాటలు కలిపి వెతకండి. కొనకుండా వదిలేసిన ముఖ్యమైన స్పెల్లింగులను లుకప్‌లో కొట్టి చూడండి. కొంచెం టెక్నికల్‌గా తెలిసినవాళ్లు ఉంటే డీఎన్ఎస్‌ట్విస్ట్ అనే ఉచిత పరికరం దగ్గరి పోలిక ఉన్న పేర్లన్నీ తయారుచేసి, ఏవి రిజిస్టర్ అయ్యాయో చెబుతుంది. సైట్ చిరునామా ముందు 'హెచ్‌టీటీపీఎస్' రావడానికి ఇచ్చే సర్టిఫికెట్లు బహిరంగ చిట్టాల్లో నమోదవుతాయి, వాటిలో మీ పేరు వెతికితే దొంగ సైట్ తెరుచుకోకముందే కనిపించే అవకాశం ఉంది. ఏప్రిల్ నుంచి జూలై దాకా మేం దీన్ని వారానికోసారి చేస్తాం.

ఏడో పని: కబ్జా కనిపించిన రోజు

కోపంతో ఫోన్ తీసి అవతలివాడికి కలపొద్దు. మీరు మాట్లాడిన గంటలో సైట్ మాయమవుతుంది, సాక్ష్యం కూడా దానితోపాటు పోతుంది. ముందు సైట్‌లోని ప్రతి పేజీకి స్క్రీన్‌షాట్ తీయండి. చిరునామా, తేదీ, సమయం కనిపించాలి. లుకప్ ఫలితాన్ని దాచండి. ఇంటర్నెట్ ఆర్కైవ్ వాళ్ల వేబ్యాక్ మెషీన్‌లో ఆ పేజీని భద్రపరిచే బటన్ ఉంటుంది, అది నొక్కండి. డబ్బు కట్టినవాళ్లుంటే వాళ్ల రసీదులు, వచ్చిన మెసేజ్‌లు తీసుకోండి. కోర్టుకు పోవాల్సి వస్తే ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి భారతీయ సాక్ష్య అధినియమ్ 63వ సెక్షన్ కింద ధ్రువీకరణ కావాలి. అందుకే ఏ కంప్యూటర్‌లో, ఎవరు తీశారో ఆరోజే రాసిపెట్టండి.

తర్వాత అది ఏ రకమో తేల్చండి. డబ్బు దోచే దొంగ సైట్ అయితే క్షణం ఆగొద్దు. డబ్బు పోయినవాళ్ల చేత వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయించండి. ఎంత త్వరగా చేస్తే బ్యాంకులో డబ్బు ఆపే అవకాశం అంత ఎక్కువ. మా దగ్గరికి వచ్చిన ఆయన రెండు రోజులు ఆలస్యమయ్యారు. జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేయండి. కంప్యూటర్ ద్వారా మరొకరిలా నటించి మోసం చేస్తే ఐటీ చట్టం 66డీ కింద 3 ఏళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా. అదే రోజు ఆ డొమైన్ రిజిస్ట్రార్‌కు, సైట్‌ను తన కంప్యూటర్లలో ఉంచిన హోస్టింగ్ కంపెనీకి అబ్యూస్ (దుర్వినియోగం) ఫిర్యాదు పంపండి. ఫిషింగ్ (దొంగ సైట్‌తో మోసం) గురించి ఆధారాలతో ఫిర్యాదు వస్తే చర్య తీసుకోవాలని 2024 ఏప్రిల్ నుంచి రిజిస్ట్రార్లతో ఐకాన్ చేసుకున్న ఒప్పందంలోనే ఉంది. గూగుల్ సేఫ్ బ్రౌజింగ్‌కు కూడా రిపోర్టు చేయండి, బ్రౌజర్‌లో ఎర్ర హెచ్చరిక వస్తుంది.

ఖాళీగా పెట్టి 'అమ్మబడును' అన్న రకం అయితే తొందర లేదు. మీరు ధర చెప్పకండి. వాడి చేతే రాతపూర్వకంగా చెప్పించండి. తనకైన ఖర్చుకు మించి డబ్బు గుంజడానికే పేరు కొన్నాడని తేలితే అది దురుద్దేశానికి రుజువు. వాడు పంపిన ఆ మెయిలే మీ ఫైల్లో బలమైన కాగితం.

మూడో రకం వేరు. కరీంనగర్‌లోనో, మంచిర్యాలలోనో అదే పేరుతో నిజంగా ఒక స్కూలు నడుస్తూ ఉండొచ్చు. అది కబ్జా కాదు, వాళ్లదీ న్యాయమైన హక్కే. వాళ్లతో మాట్లాడుకుని, రెండు సైట్లలోనూ ఊరి పేరు స్పష్టంగా వేసుకుంటే సరి.

ఎనిమిదో పని: పంచాయితీ ఎక్కడ పెట్టాలి

డాట్ కామ్, డాట్ ఆర్గ్ అయితే డొమైన్ తగాదాలు తీర్చడానికి ఐకాన్ 1999లో తెచ్చిన యూడీఆర్‌పీ విధానం. జెనీవాలోని వైపో (ఐక్యరాజ్యసమితి మేధోసంపత్తి సంస్థ) కేంద్రంలో కేసు వేయొచ్చు. అయిదు పేర్ల దాకా ఒక్క ప్యానెలిస్ట్‌తో (తీర్పు చెప్పే నిపుణుడితో) తేల్చడానికి ఫీజు 1,500 డాలర్లు. అవతలివాడికి జవాబుకు 20 రోజులు ఇస్తారు. మీరు మూడు నిరూపించాలి: ఆ డొమైన్ మీ ట్రేడ్‌మార్క్‌ను పోలి ఉంది, దాని మీద వాడికి న్యాయమైన హక్కు లేదు, కొన్నదీ వాడుతున్నదీ రెండూ దురుద్దేశంతోనే. గెలిస్తే పేరు మీకు మారుతుంది లేదా రద్దవుతుంది. నష్టపరిహారం మాత్రం రాదు.

డాట్ ఇన్, డాట్ భారత్ అయితే నిక్సీ దగ్గర ఇలాంటిదే ఐఎన్‌డీఆర్‌పీ విధానం. 1996 నాటి ఆర్బిట్రేషన్ చట్టం కింద ఒక ఆర్బిట్రేటర్ తేలుస్తారు. మనలాంటి సంస్థలకు ఇందులో రెండు వెసులుబాట్లు ఉన్నాయి. ట్రేడ్‌మార్క్ లేకున్నా 'పేరు' మీద హక్కు చూపించే వీలుంది. దురుద్దేశంతో కొన్నాడని గానీ, వాడుతున్నాడని గానీ ఏదో ఒకటి చూపిస్తే చాలు. ఆ హక్కుకు ఆధారంగా టెన్త్ ఫలితాల రోజు పేపర్లో వేసిన ప్రకటనలు, పాత ప్రాస్పెక్టస్‌లు, సొసైటీ రిజిస్ట్రేషన్, ఆడిట్ రిపోర్టులు పనికొస్తాయి. మా స్టోర్‌రూమ్‌లో చెదలు పట్టబోతున్న పాత పాంప్లెట్ల కట్టను నేను స్కాన్ చేయించింది ఇందుకే.

సైబర్ స్క్వాటింగ్‌కు, అంటే ఇలా డొమైన్ కబ్జాకు, మన దేశంలో ప్రత్యేక చట్టం లేదు. అయినా కోర్టు దారి తెరిచే ఉంది. హైదరాబాద్‌కు చెందిన డాక్టర్ రెడ్డీస్ పేరును పోలిన డొమైన్ కొన్నవారిని 2001లో ఢిల్లీ హైకోర్టు అడ్డుకుంది. సత్యం ఇన్ఫోవే కేసు ఇంకా ముఖ్యం. వాళ్ల 'సిఫీ'కి పోటీగా ఒకరు ఎఫ్ ఒకటి ఎక్కువ పెట్టి 'సిఫ్ఫీ' అని కొన్నారు. తమ అయిదుగురు ప్రమోటర్ల పేర్లలోని మొదటి అక్షరాలే ఆ పేరని వాదించారు. సుప్రీంకోర్టు 2004 మే 6న ఆ వాదనను ఒప్పుకోలేదు. ట్రేడ్‌మార్క్‌కు ఉండే లక్షణాలన్నీ డొమైన్ పేరుకూ ఉండొచ్చని, పాసింగ్ ఆఫ్ (ఇంకొకరి పేరుతో తమది చలామణి చేయడం) నియమం కింద రక్షణ దొరుకుతుందని చెప్పింది. అక్కడ ఒక్క ఎఫ్, మా దగ్గర ఒక్క హెచ్. మా అడ్వకేట్ ఆ తీర్పు చూపించిన రోజు నాకు ధైర్యం వచ్చింది.

నష్టపరిహారం కావాలన్నా, వెంటనే ఆపించే ఉత్తర్వు కావాలన్నా కోర్టే దారి. పేరు తెచ్చుకుంటే చాలు అనుకుంటే ముందు ఐఎన్‌డీఆర్‌పీ, యూడీఆర్‌పీ చూడండి. దొంగ సైట్లకు అబ్యూస్ ఫిర్యాదే త్వరగా పని చేస్తుంది. మాది అలాగే మూతపడింది. అది మూతపడ్డాక ఆ హెచ్ ఉన్న పేరు మీద కన్నేసి ఉంచి, ఖాళీ అయిన రోజే కొన్నాం.

తొమ్మిదో పని: జనానికి చెప్పండి

ఎన్ని హద్దురాళ్లు పాతినా, ఫీజు కట్టేది తల్లిదండ్రులు. వాళ్లకు అర్థమయ్యేలా తెలుగులో, రసీదు వెనకాల, ఫీజు కౌంటర్ దగ్గర, గేటు పక్కన ఒకే వాక్యం ఉండాలి. క్యూఆర్ కోడ్ కౌంటర్ దగ్గర ఒక్కచోటే ఉంచండి, వాట్సాప్ గ్రూపుల్లో తిప్పకండి. మా గేటు దగ్గర ఇప్పుడు ఇలా రాసి ఉంది, కావాలంటే మీరూ వాడుకోండి:

"మన వెబ్‌సైట్ పేరు కింద పెద్ద అక్షరాల్లో రాసి ఉంది. ఒక్క అక్షరం తేడా ఉన్నా అది మనది కాదు. డబ్బు కట్టే ముందు ఈ నంబరుకు ఫోన్ చేసి అడగండి, ఎన్నిసార్లు అడిగినా చెబుతాం. పొరపాటున కడితే మా దగ్గరికి వచ్చేలోపే 1930కి ఫోన్ చేయండి."